చెంఘిజ్ ఖాన్ మేధావా, హంతకుడా? మీరేమంటారు?

కృష్ణాతీరం (చర్చ మొదలుపెట్టినవారు)

మా తరంలో చాలామందికి చెంఘిజ్ ఖాన్ తెన్నేటి సూరి నవలలోనే పరిచయం. తండ్రికి విషం పెట్టి చంపారు, తెగవాళ్లు వదిలేసి పోయారు, తల్లి దుంపలు తవ్వి పిల్లల కడుపు నింపింది. ఆ టెమూజిన్ (చెంఘిజ్ అసలు పేరు) 1206లో గడ్డిమైదానాలన్నిటికీ ఖాన్ అయ్యాడు. నిన్న మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఒకాయన "వాడొక హంతకుడు, ఇంకేం మాట్లాడతాం" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నాకు మింగుడుపడలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా.

అక్షరం ముక్క రాని మనిషి సైన్యాన్ని పదులు, వందలు, వేలు, పదివేలుగా విడదీశాడు. ఒక్కో దళంలో వేరువేరు తెగల వాళ్లను కలిపేసి పాత పగలకు ఊపిరి లేకుండా చేశాడు. పదవి పుట్టుకను బట్టి ఇవ్వలేదు. జెబె అనేవాడు ఒక యుద్ధంలో ఎదుటి పక్షాన ఉండి తన మీదే బాణం వేసినవాడు. పట్టుబడ్డాక "వేసింది నేనే" అన్నందుకు మెచ్చి సేనానిని చేశాడు. ఇంకో సేనాని సుబుతాయ్ కమ్మరి కొడుకు. 1220లో ఎవరూ దాటలేరనుకున్న కిజిల్‌కుమ్ ఎడారి దాటి ఖ్వారెజ్మ్ రాజ్యపు బుఖారా నగరం ముందు ప్రత్యక్షమయ్యాడు, శత్రు సైన్యాలన్నీ ఇంకోవైపు కాచుకుని ఉండగా. అన్ని మతాల గురువులకూ పన్ను మినహాయించాడు. ఇదంతా మేధస్సు కాకపోతే మరేంటి? రక్తం చిందింది కాబట్టి మేధావి కాడంటే, అది తర్కం అవుతుందా?

నల్లమల

అన్నా, బుఖారా దగ్గర ఆగిపోయారేం? మరుసటి ఏడాది మెర్వ్‌కి కూడా వెళ్దాం. ఇప్పుడు తుర్క్‌మెనిస్తాన్‌లో మట్టిదిబ్బలుగా ఉన్న ఊరు.

1221 ఫిబ్రవరిలో చెంఘిజ్ చిన్న కొడుకు తొలుయ్ ఆ ఊరి మీదకొచ్చాడు. ప్రాణాలు తీయబోమని మాట ఇచ్చారు, ఊరు లొంగింది. తర్వాత జనాన్ని గోడల బయటి మైదానంలోకి నడిపించారు. అందరూ బయటికి రావడానికే నాలుగు పగళ్లు, నాలుగు రాత్రులు పట్టిందని మంగోలుల కొలువులోనే పనిచేసిన చరిత్రకారుడు జువైనీ రాశాడు. పనిమంతులైన చేతివృత్తుల వాళ్లను 400 మందిని పక్కకు తీశారు, కొందరు పిల్లల్ని బానిసలుగా ఉంచుకున్నారు. మిగిలిన వాళ్లను సైనికులకు పంచారు, తలా 300 నుంచి 400 మంది చొప్పున. సైన్యం వెళ్లిపోయాక నేలమాళిగల్లో దాక్కున్నవాళ్లు బయటికొచ్చారు. వెనకాల వచ్చిన ఇంకో దళం వాళ్లనీ చంపింది.

మీరు మెచ్చుకున్న పదులు, వందలు, వేలు లెక్క ఇక్కడ పనిచేసిన తీరు చూడండి. మనుషుల్ని కోటాలుగా పంచడానికి పనికొచ్చింది. సైన్యం ఎదురుపడితే ఎడారి దాటి ఓడించడం వేరు. ఆయుధం కింద పెట్టినవాళ్లను వరసలో నిలబెట్టడం వేరు.

లెక్కల_మాస్టారు

నల్లమల గారు చెప్పిన వర్ణన సరే. ఆ జువైనీ పుస్తకంలోనే మెర్వ్ శవాలను 13 రోజులు లెక్కబెడితే 13 లక్షలకు పైగా తేలాయని ఉంది. ఇరాన్‌లోని నిషాపూర్‌కి ఇంకా పెద్ద అంకె చెబుతారు. ఆ కాలంలో ఒయాసిస్ ఊళ్లకు అంతమందిని పోషించే నీళ్లు, తిండి లేవు. ఈనాటి చరిత్రకారులు ఎవరూ ఈ అంకెల్ని ఉన్నదున్నట్టు తీసుకోరు. చుట్టుపక్కల పల్లెల నుంచి పారిపోయి వచ్చినవాళ్లను కలిపినా కుదరదు.

ఇంకో సంగతి. అంకెలు పెరగడం మంగోలులకూ లాభమే. ఈ ఊళ్లో ఏం జరిగిందో విన్న పక్క ఊరు తలుపులు తెరుస్తుంది. భయం కూడా వాళ్ల ఆయుధాల్లో ఒకటి. పదో వంతే నిజమనుకున్నా లక్షకు పైమాటే, కాబట్టి నేనేదో వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. అంకె వాడేటప్పుడు చూసి వాడాలని మాత్రమే.

వాదన_ప్రతివాదన

వృత్తిరీత్యా వకీలుని. హంతకుడు అంటే నేరస్థుడనే కదా, అందుకే ఆ "నేరస్థుడు" అనేమాట దగ్గర ఆగుతున్నా. నేరం అంటే ముందు చట్టం ఉండాలి. నరమేధాన్ని అంతర్జాతీయ నేరంగా చెప్పిన ఒప్పందం 1948లో వచ్చింది. దురాక్రమణ యుద్ధం చేసినందుకు నాయకుల్ని బోనులో నిలబెట్టింది న్యూరెంబర్గ్‌లో, 1945లో. 13వ శతాబ్దపు మనిషికి 20వ శతాబ్దపు చట్టం వర్తింపజేయడం ఏ కోర్టూ ఒప్పుకోదు. క్రూరుడనండి, కిరాతకుడనండి, అభ్యంతరం లేదు. నేరస్థుడు అనాలంటే ఆ రోజుల్లోనే అది తప్పని తెలిసి ఉండాలి.

డాలస్_శ్రీను

వకీలు గారితో నేను ఏకీభవిస్తా. ఆ రోజుల్లో అందరూ అంతే. అలెగ్జాండర్ టైర్ నగరాన్ని ఏడు నెలలు ముట్టడించి పట్టుకున్నాక 2,000 మందిని సముద్రపు ఒడ్డున శిలువ వేయించాడని రాశారు. ఆయన్ని మనం "ది గ్రేట్" అంటూనే ఉన్నాం.

పైగా ఫలితం చూడండి. మంగోలుల తర్వాత నల్లసముద్రం నుంచి చైనా దాకా వర్తకుడు ఒకే పాలకుల కింద ప్రయాణం చేయగలిగాడు. గుర్రాలు మార్చుకునే ఠాణాలు, బాటసారికి అనుమతి పలకలు. 1258లో బాగ్దాద్‌ని నేలమట్టం చేసిన చెంఘిజ్ మనవడు హులగు మరుసటి ఏడాదే ఇరాన్‌లోని మరాఘాలో నసీరుద్దీన్ తూసీ అనే శాస్త్రవేత్తకి ఖగోళ పరిశోధనాలయం కట్టించి ఇచ్చాడు. మంగోలియాలో ఇప్పటికీ చెంఘిజ్ దేవుడే. రాజధాని విమానాశ్రయం పేరు ఆయనదే, నోట్ల మీద ముఖం ఆయనదే. 1962లో 800వ జయంతి జరిపినందుకు సోవియట్ ఒత్తిడితో తొమోర్-ఓచిర్ అనే పెద్ద నాయకుణ్ణి పార్టీ పదవి నుంచి తీసేశారు. అంత నొక్కినా జనం మనసులోంచి పోలేదు.

పాత_పుస్తకం

"ఆ రోజుల్లో అందరూ అంతే" అనే మాట నాకు మొదటినుంచీ గిట్టదు. ఆ రోజుల్లో ఎవరు? చంపినవాళ్లా, చచ్చినవాళ్లా?

వకీలు గారు అడిగిన సాక్ష్యం ఉంది. మోసుల్‌లో ఉండి చరిత్ర రాసుకుంటున్న ఇబ్న్ అల్-అథీర్ సరిగ్గా ఈ సంఘటనల కాలంవాడే, 1233లో చనిపోయాడు. ఇది రాయడం ఇష్టంలేక ఏళ్ల తరబడి వాయిదా వేశానని, మా అమ్మ నన్ను కనకుండా ఉంటే బాగుండేదని మొదలుపెట్టి అప్పుడు రాశాడు. ముట్టడులు, ఊచకోతలు చదవని మనిషి కాదాయన. క్రూసేడ్ యుద్ధాల చరిత్ర రాసినవాడు. అలాంటి వాడికే ఇది ఎన్నడూ కనని ఘోరంగా తోచింది. తప్పని ఆ రోజుల్లోనే తెలుసు.

ఇక మెర్వ్ ఎలాంటి ఊరో చెబుతాను. యాఖూత్ అనే భౌగోళికుడు మంగోలులు రావడానికి కొద్దికాలం ముందు అక్కడ ఉన్నాడు. పది గ్రంథాలయాలున్నాయని రాశాడు, ఒక్కదాంట్లోనే దాదాపు 12,000 పుస్తకాలట. తన గదిలో ఎప్పుడూ 200 పుస్తకాలకు తక్కువ ఉండేవి కావట, చాలావాటికి డిపాజిట్ కూడా అడిగేవాళ్లు కాదట. మంగోలులు రాకపోతే చచ్చేదాకా అక్కడే ఉండిపోయేవాణ్ణని అన్నాడు. పారిపోయి బతికాడు కాబట్టి ఈమాత్రమైనా మనకు తెలిసింది. శ్రీను గారూ, మరాఘా పరిశోధనాలయాన్ని లెక్కలో వేస్తే ఈ పదింటినీ వేయాలి.

మంజీర

"ఫలితం చూడండి" అని శ్రీను గారు తేలిగ్గా అనేశారు. ఫలితం ఎవరికి? మాది ఓరుగల్లు. కోటలో కీర్తితోరణాలు నాలుగూ నిలబడే ఉన్నాయి, మధ్యలో గుడి లేదు, రాళ్లు పరిచినట్టు పడి ఉంటాయి. 1323లో ఉలుగ్ ఖాన్ పట్టుకున్నాడు. ఊరి పేరు సుల్తాన్‌పూర్ అన్నాడు. ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీకి తీసుకుపోతుంటే నర్మద ఒడ్డున ప్రాణం పోయింది. ఈ సంగతి మనకు చెప్పేది ప్రోలయ నాయకుడి విలస శాసనం. ఓడిపోయిన వైపు నుంచి వచ్చిన కొద్ది రాతల్లో అదొకటి. డబ్బున్నవాళ్లను ఆ డబ్బు కోసం హింసించారని, అగ్రహారాలు లాక్కున్నారని, దున్నినవాడికి పంట దక్కలేదని అందులో ఉంది. శాసనం రాసేవాళ్లు పెంచి రాస్తారు, నాకు తెలుసు. అయినా దున్నినవాడికి పంట దక్కలేదనే వాక్యం ఊరికే రాయరు.

ఆ ఉలుగ్ ఖానే తర్వాత ముహమ్మద్ బిన్ తుగ్లక్. తర్కం, తత్వం, వైద్యం చదివిన పండితుడు. చదువు లెక్కన చెంఘిజ్ కంటే ఎన్నో మెట్లు పైన. ఆ పాండిత్యం వల్ల ఓరుగల్లు రైతుకు ఒరిగిందేంటి?

నెపోలియన్‌ని కూడా ఇలాగే మెచ్చుకుంటారు. 1804 పౌర చట్టం గొప్పదే, కాదనను. దానికి రెండేళ్ల ముందు, 1802 మే నెలలో, కరీబియన్ వలసల్లో బానిసత్వాన్ని చట్టబద్ధం చేస్తూ సంతకం పెట్టిందీ ఆ చెయ్యే. హైతీలో తిరగబడ్డ టూసాంట్ లూవెర్‌ట్యూర్‌ని పట్టి ఫ్రాన్స్ కొండల్లో చలి జైలులో పెడితే 1803 ఏప్రిల్‌లో చచ్చిపోయాడు. పారిస్‌లో కూర్చుని చూస్తే చట్టకర్త. హైతీ చెరకు తోటలో నిలబడి చూస్తే?

సీమబిడ్డ

మంజీర గారూ బాగా చెప్పారు. నాదొక ప్రశ్న, ఎవరూ నొచ్చుకోకండి. మన రాయలవారి సంగతేంటి? ఉదయగిరిని ఏడాదికి పైగా ముట్టడించారు. 1515లో కొండవీడు పట్టారు. ఉదయగిరి నుంచి బాలకృష్ణుడి విగ్రహం తెచ్చి హంపీలో గుడి కట్టారు. పొట్నూరు దాకా వెళ్లి జయస్తంభం నాటారు. ఏడాది ముట్టడిలో కోట లోపల ఉన్న ఆడవాళ్లు, పిల్లలు ఏం తిని ఉంటారో మన పద్యాల్లో ఎక్కడైనా ఉందా? ఆయన్ని మేధావి అనడానికి మనం ఒక్క క్షణం ఆగం. నేనూ ఆగను. మరి మంగోలియా వాళ్లను ఏ ముఖంతో తప్పుపడతాం?

కృష్ణాతీరం

సీమబిడ్డ గారూ, ఒక తేడా ఉంది. ఆ కోటల యజమాని, ఒడిశా రాజు గజపతితో సంధి కుదిరాక కృష్ణకు ఉత్తరాన గెలిచిన నేలను రాయలు తిరిగి ఇచ్చేశారు. కొండవీడు కోటలో జనాన్ని మైదానంలోకి తోలి సైనికులకు పంచినట్టు ఎక్కడా లేదు.

సీమబిడ్డ

ఇచ్చేశారు, నిజమే. అందుకే ఇద్దర్నీ ఒకే గాటన కట్టను. కానీ యుద్ధం మొదలుపెట్టింది ఆయనే కదా. గెలిచి తిరిగిచ్చినంత మాత్రాన ముట్టడిలో పోయినవాళ్లు లేచిరారు.

నిర్వాహకులు

చర్చ బాగుంది. రాయలవారి మీద విడిగా పాత చర్చ ఉంది, అక్కడ కొనసాగించండి. ఇప్పటి పార్టీలను లాగిన రెండు వ్యాఖ్యలు తొలగించాం.

లెక్కల_మాస్టారు

విజేతల్లో మేధావి ఎవరని అడిగితే నేను చెంఘిజ్ పేరు చెప్పను. ఆయన కొలువులో పనిచేసిన యేలూ చూత్సాయ్ పేరు చెబుతా. ఖితాన్ జాతివాడు, నిలువెత్తు మనిషి, పొడుగు గడ్డం. ఖాన్ ఆయన్ని "పొడుగు గడ్డం" అనే పిలిచేవాడట.

చెంఘిజ్ 1227లో పోయాక కొడుకు ఒగొదేయ్ ఖాన్ అయ్యాడు. అప్పుడు కొలువులో ఒక ప్రతిపాదన వచ్చింది. ఉత్తర చైనా రైతుల వల్ల మనకేం ఉపయోగం లేదు, వాళ్లను ఖాళీ చేయించి ఆ పొలాలన్నీ గుర్రాలు మేసే బీడు చేద్దాం అని. ఖాళీ చేయించడం అంటే ఏంటో మెర్వ్ తర్వాత విడమరిచి చెప్పక్కర్లేదు. చూత్సాయ్ నీతులు చెప్పలేదు. భూమి పన్ను, వర్తకం పన్ను, ఉప్పు, సారా, ఇనుము మీద పన్ను వేస్తే ఏటా 5 లక్షల తులాల వెండి, 80,000 తానుల పట్టు, 4 లక్షల బస్తాల ధాన్యం వస్తాయని లెక్క చూపించాడు. (ఇవి చైనా కొలతలు, పేర్లు మాత్రం మన మాటల్లో చెప్పా, మన తులానికీ బస్తాకీ సరిగ్గా సమానం కావు.) సరే, చేసి చూపించు అన్నాడు ఖాన్. 1231లో వసూళ్ల పద్దులు, వెండి, పట్టు తెచ్చి ఎదురుగా పెడితే చెప్పిన లెక్కకు సరిపోయాయి. అప్పుడే ఆయన్ని మంత్రుల్లో పెద్దను చేశాడు.

1233లో ఉత్తర చైనాలోని జిన్ రాజ్యపు రాజధాని కైఫెంగ్ లొంగిపోయినప్పుడు సుబుతాయ్, మన కృష్ణాతీరం గారు మెచ్చుకున్న ఆ సుబుతాయే, ఎదిరించిన ఊరు కాబట్టి ఆనవాయితీ ప్రకారం అందర్నీ చంపుతానని ఖాన్‌కి కబురుపెట్టాడు. జనం లేని నేలతో ఏం చేసుకుంటాం, పనిమంతులంతా ఆ ఊళ్లోనే ఉన్నారు అని చూత్సాయ్ పట్టుబట్టి ఆపించాడు. ఓడిన రాజవంశం తప్ప మిగతా ఊరు బతికింది. కత్తి పట్టనివాడు పద్దుల పుస్తకంతో ఇంతమందిని కాపాడాడు. ఈయన పేరు మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఎందుకు ఉండదు? నాకు దీని మీద నిజంగా బాధ ఉంది. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి, ఎవరు ఏ యుద్ధం గెలిచారో బోర్డు మీద రాయించాను గానీ ఇలాంటివాళ్లకు ఒక్క పేజీ కూడా లేదు.

నల్లమల

మాస్టారూ, దండం. ఈ సంగతి నాకు కొత్త.

డాలస్_శ్రీను

బాగుంది మాస్టారూ. కానీ చూత్సాయ్‌ని గుర్తుపట్టి తెచ్చుకుంది చెంఘిజే కదా? మనుషుల్ని ఎంచుకునే ఆ కన్ను కూడా మేధస్సే. ఓడిన రాజ్యం ఉద్యోగిని పిలిచి సలహాదారుగా పెట్టుకున్న విజేతలు ఎంతమంది ఉన్నారు?

పాత_పుస్తకం

ఉన్నారు లెండి, ఆ మాటకొస్తే. నాకు అశోకుడి విషయం ఎత్తాలని ఉంది. విజేతల్లో తాను చేసినదాన్ని తానే రాతిలో ఒప్పుకున్నవాడు ఆయనొక్కడే నాకు తెలిసి. కళింగ యుద్ధంలో లక్షమంది చనిపోయారు, లక్షన్నర మందిని తరలించాం, అంతకు ఎన్నో రెట్లు తర్వాత పోయారు అని 13వ శిలాశాసనం. అందులో వందో వంతు, వెయ్యో వంతు మందికి ఇప్పుడు అలా జరిగినా దేవానాంప్రియుడికి దుఃఖమే అని కూడా ఉంది. బతికిపోయినవాళ్లు తమ ఆప్తుల కష్టం చూసి పడే బాధను కూడా లెక్కలో వేశాడు. రెండు వేల మూడొందల ఏళ్ల కింద! వకీలు గారూ, తప్పని తెలిసి ఉండాలన్నారు. ఇదిగో, చేసినవాడే చెబుతున్నాడు.

సీమబిడ్డ

ఆ శాసనం మా ఎర్రగుడిలోనే ఉంది. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో, బండరాళ్ల గుట్ట. 14 ప్రధాన శాసనాలూ ఉన్నాయి, చిన్న శాసనం ఒకటి వరస మార్చి వరస కుడి నుంచి ఎడమకు చెక్కారు. ఎండలో రాయి మీద చెయ్యి పెట్టలేం, అక్షరాలు చాలాచోట్ల పక్క నుంచి వెలుతురు పడితే తప్ప కనబడవు.

కానీ పాత_పుస్తకం గారూ, మీరు చెప్పని ముక్క ఒకటుంది. లక్షమంది పోయిన కళింగలో, ధౌళిలోనూ జౌగడలోనూ, ఈ 13వ శాసనం చెక్కించలేదు. దాని బదులు అక్కడి అధికారులకు వేరే ఆదేశాలు పెట్టారు. పశ్చాత్తాపం కర్నూలు జిల్లాలో చదువుకోవచ్చు, అటు పెషావర్ వైపు షాబాజ్‌గఢీలో చదువుకోవచ్చు. బాధపడ్డ ఊళ్లో మాత్రం లేదు. కళింగను తిరిగి ఇవ్వనూ లేదు. అదే శాసనంలో అడవి జనానికి హెచ్చరిక ఉంది, రాజు బాధపడుతున్నాడు గానీ దండించే శక్తి పోలేదు, జాగ్రత్త అని. చిన్నప్పటినుంచీ మేం వెళ్లి చూసే రాయి అది, మా గర్వం. అయినా ఆ వాక్యం దాటేసి చదవడం నావల్ల కాదు.

మంజీర

సీమబిడ్డ గారూ, అక్కడ పెట్టకపోవడానికి కారణం పాలనాపరంగా కూడా ఉండొచ్చు. కొత్తగా గెలిచిన చోట లక్షమందిని చంపామని రాజే రాయిస్తే మళ్లీ అగ్గి రాజుకుంటుందని భయపడి ఉంటారు. కళింగ అధికారులకు పెట్టిన ఆదేశాల్లో జనమంతా నా బిడ్డలే, ఊరికే ఎవర్నీ జైల్లో పెట్టొద్దు అనే మాటలున్నాయి. అదీ చదవాలి.

సీమబిడ్డ

చదివాను. తండ్రినంటున్నాడు, క్షమించమని మాత్రం అడగలేదు.

వాదన_ప్రతివాదన

పాత_పుస్తకం గారు ఇచ్చిన రెండు సాక్ష్యాలూ బలమైనవే. చట్టం లేదన్న నా అభ్యంతరం సాంకేతికంగా అలాగే ఉంది, కానీ ఈ చర్చలో వేరే సంగతి నన్ను పట్టుకుంది. మొదటి పోస్టు నుంచీ మేధస్సును ముద్దాయి తరఫు వాదనగా వాడుతున్నారు. క్రిమినల్ కోర్టులో అది తిరగబడుతుంది. ఆవేశంలో చెయ్యి చేసుకుంటే మనిషి పోయాడు, అది ఒక కేసు. ముందే ఆలోచించి, మనుషుల్ని పురమాయించి, ఎవర్ని బతకనివ్వాలో జాబితా రాసుకుని చంపారు, అది వేరే కేసు, శిక్ష కూడా వేరే. ముద్దాయి ఎంత తెలివైనవాడో రుజువు చేసేకొద్దీ ప్రాసిక్యూషన్ పని సులువవుతుంది. 400 మంది చేతివృత్తుల వాళ్లను విడిగా నిలబెట్టారంటేనే మిగతావాళ్ల సంగతి కూర్చుని నిర్ణయించారన్నమాట. ఖ్వారెజ్మ్ ఊరైన ఒట్రార్‌లో చెంఘిజ్ పంపిన వర్తకుల బిడారును చంపించి, రాయబారిని చంపారు కాబట్టి ఖ్వారెజ్మ్ మీద యుద్ధానికి కారణం ఉందని ఎవరైనా అంటారేమో. ఒట్రార్ అధికారి చేసిన పనికి మెర్వ్ నేతగాళ్లు ఏ రకంగా బాధ్యులు?

కృష్ణాతీరం

వకీలు గారూ, ఆలోచించాల్సిన మాటే. అయినా నా మొదటి మాట నేను వదలను, ఆయన మేధావే. మేధావి అన్నంత మాత్రాన నిర్దోషి అని నేనెక్కడా అనలేదు. ఒకటి మాత్రం అడుగుతా. సుబుతాయ్ ఖాన్ కాదు, సేనాని. 1223లో కల్కా నది దగ్గర, 1241లో హంగరీలో గెలిచింది ఆయన బుర్ర. ఖాన్ ఆపితే కైఫెంగ్‌లో ఆగాడు కూడా. ఆజ్ఞ పాటించిన సేనానిని ఏ బోనులో నిలబెడతారు?

వాదన_ప్రతివాదన

న్యూరెంబర్గ్‌లో ఆజ్ఞ ప్రకారం చేశాననే వాదన చెల్లలేదండీ. అయినా కైఫెంగ్‌లో చంపుతానని అడిగిందే సుబుతాయ్, ఆజ్ఞ వచ్చింది ఆపమని. మాస్టారి పోస్టు మళ్లీ చూడండి.